పెట్టె ముందు, వూఫర్ తరువాత

కారు కొన్న నెల తిరక్కుండానే కుర్రాళ్లకు ఒక ప్రశ్న పుడుతుంది. "తాతయ్యా, డిక్కీలో పది ఇంచుల సబ్‌వూఫర్ పెట్టించనా, పన్నెండుదా?" మా పెద్ద మనవడూ అదే అడిగాడు. వాడి ఫోనులో ఒక అట్టపెట్టె బొమ్మ, దాని మీద ఇంతేసి అక్షరాలతో "2000 వాట్స్". నేను అడిగింది ఒక్కటే: "నీ డిక్కీలో ఎన్ని లీటర్లు వదులుకోగలవురా?" వాడు నా మొహం చూశాడు. పెట్రోలు లెక్క తెలుసు, పాల లెక్క తెలుసు గానీ పాటకు లీటర్లేమిటని వాడి సందేహం. ఆ రోజు వాడితో చెప్పినవన్నీ నీకూ చెబుతాను. డబ్బు తగలేసుకోకముందే తెలియాల్సిన సంగతులివి.

ముందు బేస్ అంటే ఏమిటో చూద్దాం. మన చెవికి వినబడే ధ్వనులు సుమారుగా 20 హెర్ట్జ్‌ల నుంచి 20,000 హెర్ట్జ్‌ల దాకా ఉంటాయి. సెకనుకు ఒకసారి ఊగితే ఒక హెర్ట్జ్. సబ్‌వూఫర్‌కి అప్పగించే పని అట్టడుగున ఉండే 20 నుంచి 80 దాకానే. గాలిలో ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. దాన్ని 40తో భాగించు, 40 హెర్ట్జ్‌ల అల పొడవు ఎనిమిదిన్నర మీటర్లు దాటుతుంది. మన చిన్న కార్లు పన్ను కలిసొస్తుందని నాలుగు మీటర్ల లోపే తయారవుతున్నాయి. అంటే ఆ ఒక్క అల, కారుకు రెండింతల పైచిలుకు పొడవు.

ఇంకో చిక్కు మన చెవిలోనే ఉంది. కింది స్వరాలంటే దానికి మందం. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లో ఈ సంగతి కొలిచి గీతలు గీసి పెట్టారు. 1000 హెర్ట్జ్‌ల ధ్వని 40 డెసిబెల్స్‌లో ఎంత గట్టిగా వినబడుతుందో, 40 హెర్ట్జ్‌ల ధ్వని అంతే గట్టిగా వినబడాలంటే 80 డెసిబెల్స్ దాటాలి. దాని మీద ఇంకో భారం చూడు. అదే మోత ఒక మెట్టు కిందికి, అంటే సగం హెర్ట్జ్‌లకు దించాలంటే స్పీకర్ కోను నాలుగు రెట్లు దూరం ముందుకూ వెనక్కూ ఊగాలి. 80 నుంచి 40కి దిగితే నాలుగు రెట్లు, 20కి దిగితే పదహారు రెట్లు. బేస్ అంటే గాలిని తొయ్యడమే. ఎంత గాలి తోశామన్నదే లెక్క.

మరి పెట్టె దేనికి? ఇది చేసి చూడాల్సిందే. పాడైపోయిన టీవీలోదో, కారు తలుపులోదో ఒక పాత స్పీకర్ తీసుకో. పెట్టె లేకుండా ఊరికే చేత్తో పట్టుకుని పాట పెట్టు. గొంతు వినబడుతుంది, గజ్జెలు వినబడతాయి, మృదంగం తొప్పి వైపు దెబ్బ మాత్రం ఎక్కడా ఉండదు. ఇప్పుడు ఒక పెద్ద అట్టముక్కకు స్పీకరంత చిల్లు చేసి, స్పీకర్‌ని దానికి ఆనించి పట్టుకో. అదే స్పీకర్, అదే పాట, అదే వాల్యూమ్, తొప్పి దెబ్బ లేచి వస్తుంది. అట్ట తీసెయ్, మళ్లీ పోతుంది. కారణం ఏమిటంటే, కోను ముందుకు కదిలినప్పుడు ముందువైపు గాలి నొక్కుకుంటుంది, వెనకవైపు గాలి పల్చబడుతుంది. మధ్యలో అడ్డు లేకపోతే ముందరి గాలి పక్క నుంచి జారి వెనక్కి పోయి ఆ ఖాళీ నింపేస్తుంది. రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పై స్వరాలకు అలా చుట్టి వచ్చే వ్యవధి ఉండదు, కింది స్వరాలకు కావలసినంత ఉంటుంది. ఈ వెనక అలను ఏం చెయ్యాలన్నదే వందేళ్లుగా స్పీకర్ పెట్టెలు చేసేవాళ్ల తగువు.

మొదటి ఉపాయం, దాన్ని పెట్టెలో బంధించెయ్యడం. సులువుగా కనిపిస్తుంది గానీ, బంధించిన గాలి ఊరుకోదు. సైకిల్ పంపు మూతి వేలితో గట్టిగా మూసి పిడి నొక్కి చూడు, వెనక్కి తంతుంది. చిన్న పెట్టెలోని గాలీ కోనును అలాగే తంతుంది. అందుకని పూర్వం మంచి బేస్ కావాలంటే బీరువాలంత పెట్టెలు కట్టేవారు. 1954లో ఎడ్గార్ విల్చర్ అనే అమెరికా ఆయన ఆ తన్నునే పనికి పెట్టుకున్నాడు. న్యూయార్క్‌లో ఆడియో పాఠాలు చెప్పేవాడాయన. కోనును పట్టి ఉంచే అంచులు, లోపలి సస్పెన్షను బాగా వదులు చేసేసి, కోనును వెనక్కి తెచ్చే స్ప్రింగు పని మొత్తం పెట్టెలోని గాలికే అప్పగించాడు. గుడ్డతో, కాగితంతో చేసిన స్ప్రింగు కంటే గాలి స్ప్రింగు సమంగా నొక్కుతుంది, సమంగా వదులుతుంది. హెన్రీ క్లాస్ అనే ఆయనతో కలిసి మసాచుసెట్స్ రాష్ట్రం కేంబ్రిడ్జ్‌లో అకౌస్టిక్ రీసెర్చ్ అనే కంపెనీ పెట్టి ఏఆర్-1 అనే స్పీకర్ తెచ్చాడు. బీరువా చేసే పని చిన్న పెట్టె చేసింది. నేడు నీ డిక్కీలోకి వచ్చే సీల్డ్ బాక్స్ అంతా ఆ వంశంలోదే. నాకు ఆ మనిషి మీద ఎంతో గౌరవం, అడ్డమనుకున్న దాన్నే ఆధారం చేసుకున్న బుర్ర అది.

రెండో ఉపాయం, వెనక అలను వృథా చెయ్యకుండా తిప్పి ముందుకు పంపడం. ఖాళీ సోడాబుడ్డి మూతి మీద ఊదితే బూ మంటుంది కదా. బుడ్డి మెడలోని గాలి ఒక బరువు, కడుపులోని గాలి ఒక స్ప్రింగు. రెండూ కలిసి ఒకే ఒక్క స్వరం దగ్గర ఊగుతాయి. పందొమ్మిదో శతాబ్దంలో జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ దీన్ని లెక్కగట్టాడు. బెల్ ల్యాబ్స్‌లోనే ఆల్బర్ట్ థురాస్ ఈ సూత్రాన్ని స్పీకర్ పెట్టెకు తగిలించి 1932లో పేటెంట్ పొందాడు. మనవాళ్లు పోర్టెడ్ బాక్స్ అనేది అదే. పెట్టెకు ఒక గొట్టం ఉంటుంది. గొట్టం శ్రుతి దగ్గర కోను దాదాపు కదలకుండా నిలబడిపోతుంది, మోతంతా గొట్టం లోంచి వస్తుంది. అదే వాట్లకు ఎక్కువ మోత.

లెక్క కావాలంటే ఇదిగో. 50 లీటర్ల పెట్టె. లోపలి వ్యాసం 10 సెంటీమీటర్లున్న పీవీసీ పైపు, ప్లంబింగ్ కొట్లో దొరికే నాలుగంగుళాలదే. పొడవు సుమారు 31 సెంటీమీటర్లు పెడితే శ్రుతి 35 హెర్ట్జ్‌ల దగ్గర కుదురుతుంది. పైపు పొట్టిదైతే శ్రుతి పైకి పోతుంది, పెట్టె చిన్నదైనా పైకే పోతుంది. ఆ పైపు తానే దాదాపు మూడు లీటర్లు మింగుతుంది, అదీ కలుపుకోవాలి. సన్న పైపు పెడితే పొట్టిగా సరిపోతుందని మురవకు. గట్టిగా మోగించినప్పుడు గాలి అందులోంచి బుస్సుమంటుంది.

పోర్టెడ్ బాక్స్‌తో ఒక ప్రమాదం ఉంది, జాగ్రత్తగా విను. గొట్టం శ్రుతికి కిందుగా పోయాక పెట్టెలోని గాలి కోనును పట్టుకోదు. పట్టు తప్పిన కోను విపరీతంగా ఊగి, చివరికి చిరుగుతుంది. అందుకే దానికి యాంప్లిఫయర్‌లో సబ్‌సోనిక్ ఫిల్టర్ తప్పనిసరి. 35 దగ్గర శ్రుతి చేసిన పెట్టెకు 28, 30 దగ్గర కోత పెట్టాలి. సీల్డ్ పెట్టెలో ఆ భయం తక్కువ, లోపలి గాలి కోను చెయ్యి ఎప్పుడూ వదలదు. బ్యాండ్‌పాస్ పెట్టెలని ఇంకో రకం ఉంది, వాటి జోలికి కొత్తవాళ్లు పోవద్దు. కొట్లలో గుండ్రంగా దొరికే బేస్ ట్యూబులు పోర్టెడ్ జాతివే, కొలతలు నీ చేతిలో ఉండవు.

ఇక మా మనవడి 2000 వాట్ల సంగతి. అట్టపెట్టె మీద ఉండేది క్షణకాలం ఓర్చుకునే సంఖ్య. నువ్వు చూడాల్సింది ఆర్‌ఎంఎస్, అంటే నిలకడగా తట్టుకునే వాట్లు. అది తరచు మూడు, నాలుగు వందలే ఉంటుంది. ఆ పక్కనే సెన్సిటివిటీ అని ఒకటుంటుంది, ఇచ్చిన వాట్లకు ఎంత మోత వస్తుందన్నది, దాన్ని ఎవరూ చదవరు. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది మూడు డెసిబెల్సే. కనుక 90 డెసిబెల్స్ వూఫర్‌కు 200 వాట్లిస్తే వచ్చే మోత, 87 డెసిబెల్స్ దానికి 400 ఇస్తే గానీ రాదు. వాట్లు కొనే ముందు ఆ సెన్సిటివిటీ అంకె చదివితే సగం యాంప్లిఫయర్ డబ్బు మిగులుతుంది.

వూఫర్‌తో పాటు ఇచ్చే కాగితం మీద ఎఫ్ఎస్, క్యూటీఎస్, విఏఎస్ అని కొన్ని ఉంటాయి. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో రాసిన ఒక వ్యాసం, తరువాత సిడ్నీ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ స్మాల్ 1970ల మొదట్లో చేసిన పని, ఇవి రెండూ కలిసి ఈ అంకెలతోనే స్పీకర్ పెట్టె కట్టడాన్ని ఊహ నుంచి లెక్కకు మార్చాయి. అంతకుముందు పెట్టె చేసి, విని, మళ్లీ కోసి, మళ్లీ వినేవారు. విఏఎస్ అంటే వూఫర్ సస్పెన్షను ఎంత వదులో అంతే వదులుగా నొక్కుకునే గాలి ఎన్ని లీటర్లన్నది. ఎఫ్ఎస్ అంటే వూఫర్ ఊరికే ఉన్నప్పుడు దాని సొంత శ్రుతి. క్యూటీఎస్ అంటే ఊగడం మొదలెట్టిన కోను ఎంత త్వరగా ఆగుతుందన్నది.

ఒక పన్నెండు ఇంచుల వూఫర్ కాగితం మీద ఎఫ్ఎస్ 28, క్యూటీఎస్ 0.45, విఏఎస్ 60 లీటర్లు అని ఉందనుకో. 30 లీటర్ల సీల్డ్ పెట్టెలో పెడదాం. అరవైని ముప్ఫైతో భాగించి ఒకటి కలిపితే మూడు. మూడుకు వర్గమూలం 1.73. దానితో ఎఫ్ఎస్‌నూ, క్యూటీఎస్‌నూ హెచ్చించు. పెట్టెలో శ్రుతి 48 దగ్గరికొస్తుంది, క్యూ 0.78 అవుతుంది. ఈ క్యూ 0.7 చుట్టుపక్కల ఉంటే బేస్ చదునుగా, దెబ్బ పడగానే ఆగేలా వస్తుంది. 1 దాటితే ఒకే స్వరం బుం బుం మని మోగుతూ ఉంటుంది. కాలిక్యులేటర్ ఉన్న ఫోను నీ జేబులోనే ఉంది, పది నిమిషాల పని ఇది.

ఇప్పుడు వడ్రంగి దగ్గరికి పోదాం. ఎక్కువ పెట్టెలు ఇక్కడే చెడతాయి. 40, 30, 25 సెంటీమీటర్లు హెచ్చిస్తే సరిగ్గా 30 లీటర్లు. ఆ కొలతలు కాగితం మీద రాసిచ్చి "ఇలా చెయ్యవయ్యా" అంటే ఆయన బయటి కొలతలనుకుని కోస్తాడు. చెక్క మందం 18 మిల్లీమీటర్లు. రెండు వైపులా కలిపి ప్రతి కొలతలోనూ 3.6 సెంటీమీటర్లు పోతాయి. లోపల మిగిలేది 36.4, 26.4, 21.4. హెచ్చించి చూడు, ఇరవైన్నర లీటర్లే! మూడో వంతు గాలి చెక్కలోకి పోయింది. పైన వేసిన లెక్క మళ్లీ వేస్తే శ్రుతి 55కు ఎగబాకుతుంది, క్యూ 0.89 అవుతుంది. కొన్న వూఫర్ మంచిదే, వినబడే బేస్ మాత్రం వేరు. అందుకే "లోపలి కొలతలు" అని కాగితం మీద రాసి, కింద గీత గీసి ఇవ్వు. వూఫర్ వెనక భాగం ఒకటి రెండు లీటర్లు ఆక్రమిస్తుంది, దానికీ చోటు వదులు. వెనక సీటు వాలుకు తగ్గట్టు పెట్టె వాలుగా చేయిస్తే, పైన లోతు, కింద లోతు కలిపి సగం చేసి ఆ సగటుతో హెచ్చించాలి.

చెక్క విషయంలో నాది గట్టి మాట. ఎమ్‌డీఎఫ్ చదునుగా, బరువుగా, మోతకు వణక్కుండా ఉంటుంది. మన కోస్తా ఊళ్లలో, వానాకాలం డిక్కీ రబ్బరు కింద నుంచి తడి దిగే బండ్లలో మాత్రం అది నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. అలాంటి చోట 18 మిల్లీమీటర్ల మంచి ప్లైవుడ్డే మేలు. పెద్ద పలకలకు లోపల అడ్డంగా ఒక కర్ర బిగించమను, పలక డప్పులా మోగకుండా. మూలలన్నీ జిగురు, స్క్రూలు, ఆపైన సిలికాన్. వెనిగర్ వాసన వచ్చే సిలికానైతే పూర్తిగా ఆరాకే వూఫర్ పెట్టాలి, ఆ ఆవిరి వూఫర్‌కు మంచిది కాదు. సీల్డ్ పెట్టె ఎక్కడైనా కారుతోందేమో తెలుసుకోవాలంటే ఒక అగరుబత్తి చాలు. కింది స్వరాలున్న పాట పెట్టి, పొగను కీళ్ల వెంబడి మెల్లగా నడిపించు. గాలి పోయే చోట పొగ నిలువుగా లేవకుండా తాళానికి తగ్గట్టు వణుకుతుంది. అక్కడ ఇంకో పూత వెయ్యి.

వైర్లు బిగించే ముందు ఒకటిన్నర వోల్టుల పెన్‌టార్చ్ సెల్లును వూఫర్ వైర్లకు క్షణం తాకించు. ప్లస్సుకు ప్లస్సు తగిలితే కోను బయటికి కదులుతుంది. రెండు వూఫర్లు పెట్టేవాళ్లు ఇది తప్పక చూడాలి. ఒకటి బయటికీ ఒకటి లోపలికీ కదిలాయంటే రెండూ కలిసి బేస్‌ను మింగేస్తాయి.

కారులో ఇంకో వరం ఉంది, ఇంట్లో దొరకనిది. అల పొడవులో సగం కంటే కారు లోపలి చోటు చిన్నదైపోతే, అద్దాలు మూసిన కారు గాలంతా ఒక్కసారిగా నొక్కుకుని, ఒక్కసారిగా వదులవుతుంది. రెండున్నర మీటర్ల పొడవున్న క్యాబిన్‌లో ఇది 70 హెర్ట్జ్‌ల దగ్గర మొదలవుతుంది. అక్కడి నుంచి కిందికి పోయేకొద్దీ మోత దానంతటదే పెరుగుతూ వస్తుంది. సీల్డ్ పెట్టెలో శ్రుతికి కిందుగా మోత ఏ తీరున తగ్గుతుందో, క్యాబిన్ దాదాపు అదే తీరున పెంచుతుంది. రెండూ సర్దుకుంటాయి. ఇంటి హాల్లో నీరసంగా వినబడిన సీల్డ్ పెట్టె కారులో నిండుగా వినబడటానికి కారణం ఇదే. ఒక అద్దం దించితే బేస్ సగం పోవడానికీ ఇదే కారణం. వెనక తలుపు పైకెత్తే హ్యాచ్‌బ్యాక్‌లో డిక్కీ, క్యాబిన్ ఒకటే గనక ఈ వరం పూర్తిగా దక్కుతుంది. సెడాన్‌లో వెనక సీటు అడ్డుంటుంది.

కరెంటు సంగతి సరదాకు వదిలేది కాదు. 500 ఆర్‌ఎంఎస్ వాట్ల క్లాస్-డి యాంప్లిఫయర్ నూటికి ఎనభై వంతులు సమర్థంగా పనిచేసినా, పూర్తి మోతలో బ్యాటరీ నుంచి 45 ఆంపియర్ల పైనే లాగుతుంది. పది హెడ్‌లైట్ బల్బులు ఒకేసారి వెలిగించినంత. దానికి సన్న వైరు వేస్తే వైరు కాలుతుంది. రాగి పూసిన అల్యూమినియం వైరు కారు చౌకగా అమ్ముతారు, కొనకు. ఫ్యూజు బ్యాటరీకి మూరెడు దూరంలోపే ఉండాలి. ఫ్యూజు కాపాడేది యాంప్లిఫయర్‌ను అనుకుంటారు చాలామంది, అది కాపాడేది అక్కడి నుంచి డిక్కీ దాకా పోయే వైరును. యాంప్లిఫయర్ దగ్గర ఫ్యూజు పెట్టి బ్యాటరీ దగ్గర పెట్టకపోతే, మధ్యలో ఆ వైరు రేకుకు ఒరుసుకున్న రోజున బండి అంటుకుంటుంది. నాలుగేసి ఓముల కాయిల్స్ రెండున్న వూఫర్‌లో వాటిని సమాంతరంగా కలిపితే 2 ఓములు, వరసగా కలిపితే 8. నీ యాంప్లిఫయర్ 2 ఓములకు తయారైందో లేదో కాగితం చూసి కలుపు.

సీఎన్‌జీ సిలిండర్ డిక్కీలో ఉన్నవాళ్లు పెట్టె ఆలోచనే మానుకోండి. సీటు కింద పట్టే ఎనిమిది ఇంచుల పలచటి సబ్‌వూఫర్, యాంప్లిఫయర్ దాంట్లోనే ఉండేది, చాలు. సిలిండర్ చుట్టుపక్కల ఒక్క స్క్రూ కూడా దింపనివ్వవద్దు. చాలా చిన్న కార్లలో పెట్రోలు ట్యాంకు వెనక సీటు కిందే ఉంటుంది, అక్కడా అంతే.

మా వాడికి నేను చెప్పిన తీర్పు ఇది. వాడిది స్విఫ్ట్, డిక్కీ 260 లీటర్ల పైచిలుకు, ఇంట్లో చంటిపిల్ల, నెలనెలా ఊరికి ప్రయాణం. పది ఇంచుల వూఫర్ ఒకటి, 20 లీటర్ల సీల్డ్ పెట్టె, 300 ఆర్‌ఎంఎస్ వాట్లు, 80 హెర్ట్జ్‌లకు పైన కోత. సూట్‌కేసులకూ చోటుంటుంది, మృదంగమూ పలుకుతుంది. ఒంటరిగా తిరిగేవాడు, డీజే మోతే కావాలనేవాడు, డిక్కీలో 50 లీటర్లు వదులుకోగలిగినవాడు అయితే పోర్టెడ్ పెట్టుకోవచ్చు, కాదనను. కాకపోతే ఇళ్ల మధ్య పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 అని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. రాత్రంటే పది నుంచి ఉదయం ఆరు దాకా. ఈ పొడవాటి అలలను గోడలు ఆపలేవు. నీ కారులో మోగిన దెబ్బ మేడ మీద పడుకున్న పెద్దాయన మంచం దాకా పోతుంది.

చివరిగా ఒక్క మాట, దీన్ని మాత్రం దాటెయ్యకు. చెక్క, అయస్కాంతం కలిసి ఆ పెట్టె పదిహేను, ఇరవై కిలోలు తూగుతుంది. హ్యాచ్‌బ్యాక్‌లో దానికీ వెనక సీట్లో కూర్చున్న పిల్లల తలలకూ మధ్య సీటు వీపు తప్ప ఏమీ లేదు. గట్టి బ్రేకు పడినప్పుడు పెట్టె ఉన్నచోట నిలవదు. ఇనప ఎల్-క్లాంపులతో నేలకు బోల్టులు బిగించి, బోల్టు దిగే చోట కింద ఏముందో చూసుకుని, చేత్తో ఊపితే కదలనంత గట్టిగా కట్టించు. ఆ పని పూర్తయ్యేదాకా పిల్లల్ని ఆ బండి ఎక్కించకు.